ఒత్తిడిలో పడ్డ క్యాన్సర్ కణం ఎంత చొచ్చుకుపోతుంది: మేట్రిజెల్ ఇన్వేజన్ చాంబర్‌పై సమీక్ష

కార్నింగ్ కంపెనీ బయోకోట్ పేరుతో అమ్మే మేట్రిజెల్ ఇన్వేజన్ చాంబర్ చూడటానికి బొటనవేలి గోరంత వెడల్పున్న ప్లాస్టిక్ గ్లాసులా ఉంటుంది. అడుగున గట్టి ప్లాస్టిక్ ఉండదు. పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పలుచని పొర ఉంటుంది, దాని నిండా 8 మైక్రాన్ల రంధ్రాలు, పైన మేట్రిజెల్ అనే జెల్ పూత. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటులో ఒక్కో వెల్‌లో ఒక్కో గ్లాసు వేలాడుతుంది, దీన్నే ఇన్సర్టు అంటారు. పైన కణాలు పోస్తాం, కింద వాటికి ఎరగా సీరం పెడతాం, 22 గంటలయ్యాక ఎన్ని కణాలు పూతను తొలుచుకుని అడుగువైపుకి చేరాయో లెక్కపెడతాం.

ఈ చాంబర్‌ను దేనికైనా వాడొచ్చు. ఇక్కడ మాత్రం ఒకే ఒక్క పనికి దాన్ని తూచి చూస్తున్నాం: కణం లోపలి ఒత్తిడి స్పందనలు క్యాన్సర్ వ్యాప్తిని పెంచుతున్నాయా, తగ్గిస్తున్నాయా అని తేల్చడానికి ఇది పనికొస్తుందా? పనికొస్తుంది. పూత సమంగా ఉంటుంది, ఒక ఇన్సర్టుకీ మరో ఇన్సర్టుకీ తేడా తక్కువ. అయితే కంపెనీ ఇచ్చిన పద్ధతిని ఉన్నదున్నట్టు పాటిస్తే ఒత్తిడి ప్రయోగాల్లో తప్పుడు జవాబు రావడం చాలా తేలిక. ఎందుకంటే ఈ చాంబర్‌లో పెట్టడమే కణానికి ఒక ఒత్తిడి. ఒత్తిడి తెచ్చే మందు వేయని కణాలు కూడా అందులో ప్రశాంతంగా ఉండవు.

పద్ధతి పాతదే. తెల్లరక్తకణాలు రసాయనాల వైపు ఎలా కదులుతాయో చూడటానికి స్టీఫెన్ బోయ్డెన్ 1962లో రెండు అరల చాంబర్‌ను వాడారు. మధ్య పొరకు మేట్రిజెల్ పూసి క్యాన్సర్ కణాల చొరబాటును కొలవడం 1987లో మొదలైంది. మేట్రిజెల్ అనేది ఎలుకల్లో పెరిగే ఎంగెల్‌బ్రెత్-హోమ్-స్వార్మ్ సార్కోమా గడ్డ నుంచి తీసిన పదార్థం. అందులో సుమారు 60 శాతం లామినిన్, 30 శాతం నాలుగో రకం కొలాజెన్, మిగతాది ఎంటాక్టిన్, పెర్లెకాన్ వగైరా. టీజీఎఫ్-బీటా, ఈజీఎఫ్, ఐజీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లూ కొంత కలిసి వస్తాయి. అవయవాల పై పొర అయిన ఎపితీలియం కింద ఉండే బేస్‌మెంట్ పొరకు ఇది మంచి నకలు. ఆ పొర దాటాక కణానికి ఎదురయ్యే మొదటి రకం కొలాజెన్ దట్టమైన అడవి ఇందులో ఉండదు. కాబట్టి ఈ చాంబర్ కొలిచేది వ్యాప్తిలో మొదటి అంకాన్ని మాత్రమే.

ఇక ఒత్తిడి సంగతి. గడ్డ లోపల ఆక్సిజన్ చాలదు, గ్లూకోజ్ చాలదు, కణం చేసే ప్రోటీన్లు సరిగా ముడుచుకోక, అవి తయారయ్యే అర అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో పేరుకుపోతాయి. అప్పుడు మూడు కాపలా ప్రోటీన్లు మేల్కొంటాయి: పెర్క్, ఐఆర్ఈ1, ఏటీఎఫ్6. పెర్క్ వెళ్లి, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టే ఈఐఎఫ్2-ఆల్ఫాకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో మొత్తం ప్రోటీన్ తయారీ మందగించి, ఒత్తిడి జన్యువులను నడిపే ఏటీఎఫ్4 లాంటి కొన్ని మాత్రం ఎక్కువగా తయారవుతాయి. ఐఆర్ఈ1 ఎక్స్‌బీపీ1 ఎంఆర్ఎన్ఏలోంచి 26 అక్షరాలు కత్తిరించి దాన్ని పనిలోకి దింపుతుంది. ఒత్తిడి కొద్దిగా ఉంటే ఇవన్నీ కణాన్ని బతికిస్తాయి. శ్రుతి మించితే చాప్ అనే ప్రోటీన్ ద్వారా చంపుతాయి. మెసెంకైమల్ రూపానికి, అంటే ఒకదాన్నొకటి వదిలి కదిలే రూపానికి మారిన రొమ్ము క్యాన్సర్ కణాలు బయటి మాతృకను, అంటే కణాల చుట్టూ ఉండే ప్రోటీన్ల వలను, విపరీతంగా స్రవిస్తాయి కాబట్టి వాటి రెటిక్యులమ్ మీద భారం ఎక్కువ, పెర్క్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ దారి మూస్తే వాటి చొరబాటు తగ్గుతుందని 2014లో చూపించారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు విరగకుండా నిలిచే హిఫ్-1 అనే ప్రోటీన్, కొలాజెన్ పోగులను బిగించే ఎంజైమ్ లైసిల్ ఆక్సిడేజ్‌ను పెంచి వ్యాప్తికి దారి చేస్తుందన్నది 2006 నుంచి తెలిసిన సంగతే. అంటే ప్రశ్న అర్థవంతమైనదే. కొలబద్ద సరిగా పట్టుకోవడంలోనే ఉంది కష్టమంతా.

కంపెనీ పద్ధతి ఇలా సాగుతుంది. ఇన్సర్టులను -20 డిగ్రీల నుంచి తీసి గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. 37 డిగ్రీలకు వెచ్చబెట్టిన, బైకార్బొనేట్ ఉన్న మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) ఇన్సర్టు లోపల 0.5 మి.లీ., వెల్ అడుగున 0.5 మి.లీ. పోసి ఇంక్యుబేటర్‌లో 2 గంటలు ఉంచితే పూత నీరు పీల్చుకుని మళ్లీ జెల్ అవుతుంది. తర్వాత ఆ మీడియం తీసేయాలి. ఎక్కువమంది పూతను పాడుచేసేది ఇక్కడే: వాక్యూమ్ పైపు మొన పొరకు తగిలితే చిన్న గీత పడుతుంది, కంటికి కనపడదు. మర్నాడు ఆ గీత వెంట కణాలు బారులు తీరి కిందికి దిగి ఉంటాయి. పిపెట్ మొనను గోడకు ఆనించి, ఇన్సర్టును కాస్త వంచి, నెమ్మదిగా తీయాలి. అడుగున చుక్క తడి మిగిలితే ఫరవాలేదు.

పక్క ప్లేటు వెల్స్‌లో 0.75 మి.లీ. సీరం మీడియం పోసి, ఇన్సర్టులను ఫోర్సెప్స్‌తో ఏటవాలుగా దించాలి. నిటారుగా దించితే పొర కింద గాలి బుడగ చిక్కుకుంటుంది. బుడగ ఉన్నచోట ఎర అందదు, అక్కడ కణాలు దిగవు, లెక్కలో గుండ్రటి ఖాళీ మిగులుతుంది. ప్లేటును పైకెత్తి కింద నుంచి చూస్తే బుడగ తెలుస్తుంది. వెంటనే పైన 0.5 మి.లీ. కణాల ద్రావణం, మి.లీ.కి 50,000 చొప్పున, అంటే ఇన్సర్టుకు 25,000 కణాలు. 22 గంటల తర్వాత పైవైపు మిగిలిన కణాలను దూది పుల్లతో గట్టిగా, అంచుల మూలల్లో కూడా తుడవాలి. మీడియంలో ముంచిన రెండో పుల్లతో మళ్లీ తుడవాలి. మెతగ్గా తుడిచినవాళ్లకు చొరబాటు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. మిథనాల్‌లో నిలిపి, రంగు వేసి, అడుగువైపు లెక్కపెట్టాలి.

దీని అసలు బలం కంట్రోల్ ఇన్సర్టుల్లో ఉంది. పొర అదే, రంధ్రాలు అవే, పూత మాత్రం ఉండదు. పూత ఉన్నదాంట్లో దిగిన కణాలను పూత లేనిదాంట్లో దిగిన కణాలతో భాగించి నూటితో గుణిస్తే చొరబాటు శాతం వస్తుంది. ఉత్త కదలికనూ, తొలుచుకుపోయే శక్తినీ ఇలా విడదీయొచ్చు. ఈ కంట్రోల్ ఇన్సర్టులను వేరే కేటలాగ్ నంబరుతో విడిగా కొనాలి. ఖర్చు మిగుల్తుందని మానేస్తే చాంబర్ కొన్న డబ్బంతా వృథాయే.

కానీ ఒత్తిడి ప్రయోగంలో ఈ శాతం ఒక్కదాన్నే నమ్మితే బోల్తా పడతాం. అంకెలతో చూద్దాం, ఇవి ఉదాహరణకే. మందు వేయని కణాల్లో పూత లేని ఇన్సర్టులో 200, పూత ఉన్నదాంట్లో 60 దిగాయి: 30 శాతం. ఒత్తిడి తెచ్చే థాప్సిగార్జిన్ అనే మందు వేసినవాటిలో 80, 32 దిగాయి: 40 శాతం. ఒత్తిడి చొరబాటును పెంచిందని రాసేయాలనిపిస్తుంది. నిజానికి దిగిన కణాలు 60 నుంచి 32కి పడిపోయాయి. కదలిక ఇంకా ఎక్కువగా పడిపోయింది కాబట్టి శాతం పెరిగినట్టు కనిపించింది. హారం కుంగితే భాగఫలం లేస్తుంది. అందుకే మూడు అంకెలూ ఇవ్వాలి: పూత లేనిదాంట్లో ఎన్ని, ఉన్నదాంట్లో ఎన్ని, అదే 22 గంటలు అదే మందుతో మామూలు ప్లేటులో ఉంచిన కణాల్లో బతికున్నవి ఎన్ని. చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో చూసినప్పుడు బతికున్నవి 90 శాతం కంటే తగ్గితే ఆ మోతాదును పక్కన పెట్టడమే మేలు. పెర్క్ దారి తెరుచుకుంటే సైక్లిన్ డీ1 పడిపోయి కణవిభజన కూడా ఆగుతుంది. 48 గంటల ప్రయోగమైతే విభజన ఆగడం వల్ల తగ్గిన అంకెను చొరబాటు తగ్గిందని పొరబడతాం. 22 గంటలు దాటకపోవడానికి ఇదే గట్టి కారణం.

మందు ఎంపికలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ప్రోటీన్ ముడత ఒత్తిడి తేవడానికి అందరూ చేయి చాపేది ట్యూనికామైసిన్ కోసం. ఇది ప్రోటీన్లకు చక్కెర గొలుసులు తగలకుండా ఆపుతుంది. లామినిన్‌ను పట్టుకునే ఇంటెగ్రిన్లకు కూడా ఆ గొలుసులే కావాలి. కాబట్టి కణం మేట్రిజెల్‌ను సరిగా పట్టుకోలేక దిగకపోవచ్చు, దానికీ ఒత్తిడి స్పందనకీ సంబంధం ఉండకపోవచ్చు. థాప్సిగార్జిన్ రెటిక్యులమ్‌లోకి కాల్షియం తోడే పంపును ఆపుతుంది. అప్పుడు బయటి సైటోప్లాజంలో కాల్షియం పెరుగుతుంది, కాల్షియం కదలికనే మార్చేస్తుంది. ఇది కడిగినా వదలదు. కాసేపు ఒత్తిడి పెట్టి తీసేయాలనుకుంటే సైక్లోపియాజోనిక్ యాసిడ్ మేలు, అదే పంపును ఆపుతుంది, కడిగితే వదులుతుంది. డీటీటీని మాత్రం ఇన్సర్టులో ఎప్పుడూ వేయకూడదు. లామినిన్ గొలుసులను కలిపి ఉంచే డైసల్ఫైడ్ బంధాలను అది తెంపుతుంది, పూతే బలహీనపడుతుంది. వేయాలంటే మామూలు ప్లేటులో వేసి, కడిగి, ఆ తర్వాత కణాలను ఇన్సర్టులోకి తేవాలి.

వేర్వేరు దారుల్లో ఒత్తిడి తెచ్చే రెండు మందులు ఒకే ఫలితమిచ్చి, ఆ దారిని మూసే మందుతో అది వెనక్కి పోతేనే ఒత్తిడి స్పందన పని అని చెప్పగలం. పెర్క్‌ను ఆపడానికి జీఎస్‌కే2606414 వాడతారు. ఇది ఆర్ఐపీకే1, కిట్ అనే కైనేజ్‌లను కూడా ఆపుతుంది, కాబట్టి పక్కన పెర్క్ తయారీనే అణచే ఎస్ఐఆర్ఎన్ఏ ఉండి తీరాలి. ఈఐఎఫ్2-ఆల్ఫా తర్వాతి మెట్టు వద్ద ఆపే ఇస్రిబ్ తోడుంటే వాదన గట్టిపడుతుంది. మందు లేనిది, ఒత్తిడి మందు, ఒత్తిడి మందుతో పాటు నిరోధకం, నిరోధకం ఒక్కటే: ఈ నాలుగింటికీ పూత ఉన్నవి మూడు, లేనివి మూడు పెడితే సరిగ్గా 24 వెల్స్ ప్లేటు ఒకటి నిండుతుంది. మందులను కరిగించే డీఎంఎస్ఓ అన్నిట్లో సమానంగా, 0.1 శాతం దాటకుండా ఉండాలి.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది. మందును పైన 0.5 మి.లీ.లో మాత్రమే కలిపితే అది పొర గుండా కింది 0.75 మి.లీ.లోకి జారుకుంటుంది. సమానమయ్యేసరికి మోతాదు మొదటిదానిలో 40 శాతానికి పడిపోతుంది. పైగా మధ్యలో మందు తేడా ఒకటి ఏర్పడుతుంది, కణం సీరం వైపు పోతోందా, మందు నుంచి పారిపోతోందా తెలియదు. మందు రెండు అరల్లోనూ ఒకే మోతాదులో ఉండాలి.

ఇప్పుడు చాంబర్ తానే పెట్టే ఒత్తిడి. ట్రిప్సిన్ వేసి కణాన్ని ఊడదీయడం మొదటి దెబ్బ: ఉపరితల గ్రాహకాలు కొన్ని తెగిపోతాయి, పట్టు కోల్పోయిన కణంలో ఆక్సిడేటివ్ ఒత్తిడి, పెర్క్ రెండూ లేస్తాయి. సీరం లేని మీడియంలో 22 గంటలు ఉంచడం రెండోది: పెరుగుదలను నడిపే ఎంటార్ తగ్గి, కణం తన భాగాలను తానే తినే ఆటోఫేజీ పెరుగుతుంది. మూడోది ఎవరూ లెక్కేయనిది, లోతు. 0.5 మి.లీ. మీడియం మామూలు 24 వెల్స్ ప్లేటులో 1.9 చ.సెం.మీ. మీద పరుచుకుంటే లోతు రెండున్నర మిల్లీమీటర్లు. ఇన్సర్టులో అదే 0.5 మి.లీ. అడుగు 0.3 చ.సెం.మీ. మాత్రమే ఉన్న ఇరుకు గొట్టంలో నిలబడుతుంది, లోతు సెంటీమీటరు దాటుతుంది. గాల్లోని ఆక్సిజన్ అంత నీరు దాటి కణాన్ని చేరాలి. ఆక్సిజన్ ఎక్కువగా వాడే కణాలైతే మామూలు ఇంక్యుబేటర్‌లో ఉన్నా అడుగున కొరత పడుతుంది. 21 శాతం ఆక్సిజన్ అని మనం రాసుకున్న కంట్రోల్ అసలు 21 శాతంలో లేదన్నమాట.

దీనికి విరుగుడు ఉంది. ఒక వరస ఇన్సర్టులను లెక్కకు కాకుండా పరీక్షకు వదలండి. 6 గంటలకు, 22 గంటలకు పైనున్న కణాలను ఇన్సర్టులోనే కరిగించి, ఎక్స్‌బీపీ1 కత్తిరింపు, ఏటీఎఫ్4, చాప్ చూడండి. మామూలు ప్లేటులోని కణాలతో పోల్చండి. మందు వేయని ఇన్సర్టు కణాల్లోనే చాప్ లేచి ఉంటే మీ ప్రయోగానికి పోల్చుకునే ఒత్తిడి లేని స్థాయి లేదు, పద్ధతి మార్చాలి. ఎక్స్‌బీపీ1 పీసీఆర్‌కు 1 శాతం అగరోజ్ జెల్ చాలదు. 26 అక్షరాల తేడా విడిపోవాలంటే 2.5 నుంచి 3 శాతం ఉండాలి, మెల్లగా నడపాలి. రెంటికీ పైన మూడో పట్టీ కనిపిస్తే కంగారు పడొద్దు, కత్తిరించిన పోగూ కత్తిరించనిదీ జతకట్టిన మిశ్రమం అది. పై మీడియంలో 0.1 శాతం బీఎస్ఏ అనే ప్రోటీన్ కలపడం, ట్రిప్సిన్ బదులు ఎంజైమ్ లేని ఈడీటీఏ ద్రావణంతో ఊడదీయడం, కణాలను ఇన్సర్టులో వేసేముందు అరగంట కోలుకోనివ్వడం వల్ల ఈ నేపథ్యపు ఒత్తిడి కొంత తగ్గుతుంది.

ఆక్సిజన్ తగ్గించే ప్రయోగమైతే మీడియంను ముందు రాత్రే 1 శాతం ఆక్సిజన్ గదిలో పెట్టి సిద్ధం చేయాలి. పూతను తడిపే మీడియం కూడా అదే కావాలి. ప్లాస్టిక్‌లో కూడా ఆక్సిజన్ ఇంకి ఉంటుంది, అది గంటల తరబడి మెల్లగా వదులుతుంది. తలుపు తీసి ప్లేటు బయటికి తెచ్చాక హిఫ్-1 ఆల్ఫా నిమిషాల్లో మాయమవుతుంది కాబట్టి లైసిస్ ద్రావణం లోపలే పోయాలి, లేదా ప్లేటును తీసిన మరుక్షణం మంచు మీద పెట్టాలి. కోబాల్ట్ క్లోరైడ్ వేసి ఆక్సిజన్ కొరత అని రాయడం సరికాదు. అది హిఫ్‌ను విరగకుండా ఆపుతుందే తప్ప ఆక్సిజన్ తగ్గించదు, పైగా సొంతంగా ఆక్సిడేటివ్ ఒత్తిడి తెస్తుంది.

పూత ముందే వేసి ఉన్నవి కొనడమా, సొంతంగా పూసుకోవడమా? డబ్బు తక్కువైతే సొంత పూతే దారి. చల్లటి ట్రిస్ బఫర్‌లో, అంటే 0.01 మోలార్, పీహెచ్ 8.0, 0.7 శాతం ఉప్పు, మి.లీ.కి 200 నుంచి 300 మైక్రోగ్రాముల మేట్రిజెల్ కలిపి ఇన్సర్టుకు 100 మైక్రోలీటర్లు పోసి, 37 డిగ్రీల్లో 2 గంటలు ఉంచాలి. సీసా మీద మి.లీ.కి 10 మి.గ్రా. అని ఉంటే, 24 ఇన్సర్టులకు 2.5 మి.లీ. తయారు చేయడానికి 62.5 మైక్రోలీటర్లు చాలు. లాట్ మారితే ఈ గాఢత మారుతుంది, సీసా మీదది చూసి మళ్లీ లెక్క కట్టాలి. మేట్రిజెల్ 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మన ఊళ్లలో మే నెలలో ఏసీ ఆగిన ల్యాబ్‌లో అది పిపెట్ మొనలోనే బిగుసుకుంటుంది, ఒక ఇన్సర్టులో దళసరిగా, పక్కదాంట్లో పలుచగా పడుతుంది. రాత్రంతా 4 డిగ్రీల్లో, ఐస్ బకెట్‌లో కరగనివ్వాలి. మొనలు, గొట్టాలు, బఫర్ అన్నీ ముందే చల్లారాలి. మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టించకుండా చిన్న భాగాలుగా పంచుకోవాలి, అదీ తనంతట తానే మంచు కరిగించుకునే రకం కాని ఫ్రీజర్‌లో. ఒత్తిడి ప్రయోగాలకు గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన మేట్రిజెల్ తీసుకోవడం మంచిది. మామూలు దాంట్లోని టీజీఎఫ్-బీటా తానే కణాన్ని మెసెంకైమల్ రూపం వైపు నెడుతుంది.

లెక్కింపులో కూడా ఒకటి రెండు గుర్తుంచుకోవాలి. కణాలకు వేసే క్రిస్టల్ వయొలెట్ రంగును మేట్రిజెల్ కూడా కొంత పీల్చుకుంటుంది, రంగును కరిగించి ప్లేట్ రీడర్‌లో చదివేవాళ్లు కణాలు లేని పూత ఇన్సర్టు ఒకటి పక్కన పెట్టి దాన్ని తీసేయాలి. బతికున్న కణాల్లో వెలిగే కాల్సీన్-ఏఎంతో వెలుగును కొలిచేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి: మందులకు లొంగని కణాల్లో పెరిగే పీ-గ్లైకోప్రోటీన్ పంపు కాల్సీన్-ఏఎంను బయటికి తోసేస్తుంది, కణాలు దిగినా మసకగా కనిపిస్తాయి. పొర దాటి కింది వెల్‌లోకి రాలిపోయినవి కూడా ఉంటాయి, ఇన్సర్టు తీసేశాక వెల్ అడుగును మైక్రోస్కోప్‌లో చూడటం అలవాటు చేసుకోవాలి. ప్రతి పూటా హెచ్‌టీ-1080 ఫైబ్రోసార్కోమా కణాలను చొరబడే నమూనాగా, ఎన్‌ఐహెచ్-3టీ3ను చొరబడని నమూనాగా పెడితే ఆ రోజు పూత మంచిదో కాదో తెలిసిపోతుంది.

ఈ చాంబర్ అసలు చూపలేనిది ఒకటుంది, ఒత్తిడి స్పందనల విషయంలో అదే పెద్ద లోటు. పూత దాటిన కణం రక్తంలో పట్టు లేకుండా తేలాలి, చావకుండా దూరపు అవయవం చేరాలి, అక్కడ కొన్నిసార్లు ఏళ్ల తరబడి నిద్రపోవాలి. పట్టు తప్పిన కణం చనిపోయే అనాయికిస్ నుంచి తప్పించే వాటిలో పెర్క్-ఏటీఎఫ్4 దారి ఒకటి. నిద్రాణ కణాలను బతికించడంలో ఏటీఎఫ్6 పాత్ర ఉందని తల, మెడ క్యాన్సర్ కణాల్లో చూశారు. ఈ దశల్లో ఒత్తిడి స్పందన ప్రభావం ఎంతో ఉన్నా, చాంబర్‌లో అంకె కదలకపోవచ్చు. చొరబాటు మారలేదు కాబట్టి ఆ జన్యువుకు వ్యాప్తితో పనిలేదని తేల్చిన పట్టికలు చూసినప్పుడల్లా బాధేస్తుంది. కణాలు అంటని ప్లేటులో 24, 48 గంటలు తేలియాడించి బతికినవెన్నో చూడటం పెద్ద ఖర్చు కాదు. చాంబర్‌తో పాటు అది కూడా అదే వారం, అదే కణాలతో చేయాలి.

కొనేముందు ఒక మాట: మొదటిసారే పెద్ద ఆర్డర్ పెట్టకండి. ఒక పెట్టె పూత ఇన్సర్టులు, అన్నే కంట్రోల్ ఇన్సర్టులు తెప్పించి, మొదటి ప్లేటును మందు లేకుండా, మీ కణాలూ హెచ్‌టీ-1080 మాత్రమే పెట్టి నడపండి. ఆ ప్లేటులోనే సగం ఇన్సర్టుల కణాలను చాప్, ఎక్స్‌బీపీ1 కోసం కరిగించండి. మూడు ఇన్సర్టుల మధ్య అంకెలు దగ్గరగా వచ్చి, ఒత్తిడి గుర్తులు మామూలు ప్లేటు కణాల స్థాయిలోనే ఉంటే, అప్పుడు థాప్సిగార్జిన్ సీసా తెరవండి.